నాలుగేళ్ల పంట

వీబె బాబాయి చొక్కా జేబులో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్లలుంటాయి. చర్చిలో పాస్టరు ప్రసంగం అందుకోగానే ఆ పొట్లం బయటికొస్తుంది. ఒక బిళ్ల తనకు, ఒకటి పెళ్లానికి, తక్కినవి చేతులు మారుతూ వరస చివరిదాకా పోతాయి. మా చర్చిలో ఇది తాతలు హాలండ్ నుంచి ఓడలో మోసుకొచ్చిన అలవాటు. నోట్లో బిళ్ల ఉన్నంతసేపూ ఎవరూ కునికిపాట్లు పడరు, ఎవరూ ఎదురు ప్రశ్నలూ వెయ్యరు. ఆ సోమవారం పొద్దున పొలం గట్టున పికప్ ఆపి, కిటికీ దించి, ఆయన రిన్స్కెకు ముందుగా అందించింది కూడా పిప్పరమెంటు బిళ్లే.

"తీసుకో అమ్మాయ్. చలిగాలి కొడుతోంది, గొంతు పట్టేస్తుంది."

రిన్స్కె బురద చేతితొడుగు పళ్లతో లాగి తీసి, బిళ్ల అందుకుని నోట్లో వేసుకుంది. వీబె ఆమెకు బాబాయి వరసేమీ కాదు. చర్చి పెద్దలందరినీ మేం అలాగే పిలుస్తాం. వాగు పక్కన ఆయనకున్న ఎనభై ఎకరాలను రిన్స్కె, ఆమె భర్త యెల్లె కౌలుకు చేస్తున్నారు. కంచెకు అవతల వాళ్ల సొంత పొలం ఉంది కానీ, అరవై ఆవుల కడుపు నింపడానికి అది చాలదు. ఈ ఎనభై ఎకరాలు చేజారితే సగం మందను సంతకు తోలుకోవాల్సిందే.

"నేల పదునెక్కింది బాబాయ్. ఈ వైపు చెక్కలో లూసర్న్ గడ్డి వేద్దామనుకుంటున్నాం. రెండేళ్లు మొక్కజొన్నే వేశాం కదా, ఇప్పుడు గడ్డి వంతు."

వీబె స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేశాడు. "ఈ ఏడాదికి మొక్కజొన్నే వేసుకో తల్లీ. తర్వాత సంగతి వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు వేస్తే గడ్డి చేతికందడానికి ఇంకో ఏడు పడుతుంది. మా పాత లూసర్న్ ఈ చలికాలానికి సగం చచ్చింది. ఆవులకి ఏం పెట్టను?"

"చూద్దాం అన్నాగా."

"సరే, వాగు మూల పొలం నీళ్లు బయటికిపోయే గొట్టం మూతి పూడుకుపోయింది. ఆ చెక్కంతా నీళ్లు నిలబడ్డాయి. మేం తవ్వుకుంటాం."

"వదిలెయ్యి. ఎందుకొచ్చిన శ్రమ?"

"పోనీ శీతాకాలం ముందు నేల పులుపు తగ్గేలా సున్నమైనా చల్లిద్దాం. ఖర్చు మాదేలే."

"అదీ వద్దులే." ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసే ముప్పై ఏళ్లుగా మా చర్చి విరాళాల పళ్లెం నిండుతోంది. "గురువారం మీటింగుకి వస్తావుగా? నీలాంటి వాళ్లుండాలమ్మా. మన పిల్లల కాలానికి ఇక్కడ సేద్యం మిగలాలంటే మనమే కదా కూచుని గీత గీసుకోవాలి."

కిటికీ అద్దం పైకి లేచింది. పికప్ గట్టు దిగి వెళ్లిపోయింది. మొక్కజొన్న మోళ్ల మధ్య నిలబడ్డ రిన్స్కెకు నోట్లో బిళ్ల ఉన్నట్టుండి సబ్బు ముక్కలా అనిపించింది. ఉమ్మేసింది. నల్లమట్టి మీద అది పిట్ట రెట్టలా తెల్లగా పడింది.

వద్దన్నా ఆమె గొట్టం దగ్గరికి వెళ్లింది. పొలంలో నీళ్లు నిలబడితే చూస్తూ ఊరుకునే మనిషి కాదు. వాగుకు అవతలి ఒడ్డున నగరం. కిందటేడు అక్కడ డైక్‌స్ట్రా వాళ్ల బార్లీ పొలం ఉండేది. ఇప్పుడు ఒకే రంగు కప్పులతో, ఒకదాని చంకలో ఒకటి దూరినట్టు ఇళ్లు. వీధికి మాత్రం డైక్‌స్ట్రా పేరే పెట్టారు. తాము చంపినవాడి పేరే తమ బిడ్డకు పెట్టుకున్నట్టు. ఆ ఇళ్లవాళ్లు కుక్కల్ని వాగు గట్టున తిప్పి, వాటి పెంటను బుద్ధిగా చిన్న నీలం సంచుల్లో మూటగట్టి, ఆ మూటల్ని వాగులోకి గిరవాటేస్తారు. శుభ్రత అంటే వాళ్ల లెక్కలో అది. మేం పేడ తోలిన రోజున మాత్రం వాసనొస్తోందని టౌన్ ఆఫీసుకు ఫోన్లు చేస్తారు.

రిన్స్కె బోర్లా పడుకుని గొట్టంలోకి భుజందాకా చెయ్యి పెట్టింది. వేళ్ల ముద్ద, కుళ్లిన ఆకులు, వాటికి చుట్టుకున్న మూడు నీలం మూటలు. లాగింది. ఒక మూట పగిలి చేతి మీదే కారింది. దాని వెనకే ఎన్నాళ్లుగానో బిగబట్టుకున్న నల్లటి నీళ్లు కంపుకొడుతూ దూకాయి. ఆమె వెనక్కి జరిగి, గడ్డిలో చెయ్యి తుడుచుకుంటూ ఆ ధారను చూస్తూ కూర్చుంది.

వర్షం పడితే వీబె బాబాయి గొడుగేసుకుని గొట్టాలన్నీ చూసొచ్చేదాకా అన్నం ముట్టడని ఊరంతా చెప్పుకునేది. ఆ మనిషి గొట్టం వదిలెయ్యమన్నాడు. సున్నం వద్దన్నాడు. ఒకసారి వేస్తే నాలుగేళ్లు నేలను వదలని పంట వద్దన్నాడు. నాలుగేళ్ల పంట వద్దనే రైతుకు నాలుగేళ్ల ఆలోచన లేదు. ఇది చదువుకుంటే వచ్చే తెలివి కాదు, చదువుకోకపోతే పోయేదీ కాదు. పొలం చేసేవాడెవడికైనా పక్క పొలం చూస్తే తెలిసిపోతుంది. తెలిసినా రిన్స్కె నమ్మడానికి నీళ్లు తేటపడేంత సేపు పట్టింది. ఎందుకంటే సేద్యాన్ని ముప్పై ఏళ్లపాటు కాపాడడానికని టౌన్ కౌన్సిల్ వేసిన కమిటీకి అధ్యక్షుడు ఆ వీబె బాబాయే.

* * *

"లూసర్న్ వద్దన్నాడు," అంది రిన్స్కె సాయంత్రం పాలు పితికేటప్పుడు.

రెండు ఆవుల మధ్య గొంతుక్కూచుని యెల్లె పొదుగు తుడుస్తున్నాడు. "ఎవరు?"

"ఎవరేంటి, రోములో పోప్‌గారా? వీబె బాబాయి."

"ఏదో కారణం ఉంటుందిలే."

"కారణమా! గొట్టం తవ్వొద్దన్నాడు, సున్నం వద్దన్నాడు. ఆయన అమ్మేస్తున్నాడు యెల్లె. రాసిపెట్టుకో."

"ఊరికే మాటలనకు. కమిటీకి పెద్ద ఆయన."

"అందుకే అంటున్నా. మొన్నటిదాకా నన్ను కూచోబెట్టి పటం మీద రంగు చుక్కలు అంటించమన్నాడు. పచ్చ చుక్క అంటే పొలం ఉండాలట, ఎర్ర చుక్క అంటే పోయినా పర్లేదట. నర్సరీ పిల్లలా అంటించుకుంటూ కూచున్నా."

యెల్లె పాల గొట్టాలు ఒక్కొక్కటే తగిలించాడు. యంత్రం చప్పరించడం మొదలుపెట్టింది. అతను ఆవు నడుము పట్టుకుని లేచాడు. లేచేటప్పుడు అతని మోకాలు టప్పుమంది. ఈ మధ్య ప్రతి ఆవు దగ్గరా అంటోంది.

"పోనీలే," అంది ఆమె, పాల బకెట్టు అంచు తుడుస్తూ. "మన ఇంటి ముందు పొలంలో మనం వేసేసుకున్నాం, అదే నయం. నేను చుక్కలంటిస్తున్న రోజునే నువ్వు విత్తేశావు. మొగుడంటే నువ్వే."

అతను నవ్వుతాడని చూసింది. నవ్వలేదు. తర్వాతి ఆవు దగ్గరికి జరిగాడు.

"వాన పడాలి," అన్నాడు దాని పొదుగు తుడుస్తూ.

కొట్టం తలుపులోంచి ముందు పొలం కనబడుతోంది. ఓట్స్ వరసలు వేలెత్తు లేచి, ఎండ వాలుగా పడేసరికి పచ్చగా మెరుస్తున్నాయి. లూసర్న్ మొలక మహా సుకుమారం. ఒంటరిగా విత్తితే కలుపు దాన్ని నమిలి పారేస్తుంది. అందుకే ఓట్స్‌తో కలిపి విత్తుతాం. ఓట్స్ ముందు లేచి నీడ పడతాయి, ఆ నీడలో లూసర్న్ నెమ్మదిగా కాళ్లూనుకుంటుంది. వేసవిలో ఓట్స్ కోసేస్తే అడుగున నాలుగేళ్ల పంట బయటపడుతుంది. అప్పటిదాకా రోడ్డు మీంచి చూసేవాడికి ఓట్సే కనబడతాయి. లూసర్న్ కనబడాలంటే నడుం వంచాలి. రిన్స్కె ఇన్నాళ్లూ తలుపు దగ్గర నిలబడి చూసి మురిసిపోయిందే తప్ప దగ్గరికి వెళ్లలేదు. తన పొలమే కదా.

* * *

బుధవారం టౌన్ ఆఫీసు నుంచి మెరెడిత్ వచ్చింది. నగరం ఎక్కడిదాకా రావాలో పటాలు గీసే ఉద్యోగం ఆమెది. చిన్నపిల్ల, మంచిపిల్ల. పేడలో అడుగెయ్యాల్సొస్తే వేస్తుంది, ముక్కు మూసుకోదు. పికప్ బోనెట్ మీద పటం పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టింది.

"గురువారానికి ముందు సభ్యులందరికీ చూపిస్తున్నానండీ. గీత మారింది."

వాగు వెంట ఉండాల్సిన ఎర్ర గీత వీబె బాబాయి పొలం మొత్తాన్ని నగరం వైపుకు వదిలేసి, రిన్స్కె వాళ్ల కంచె మీదికి వచ్చి కూర్చుంది. గీతకు అటు నగరం, ఇటు శాశ్వతంగా సేద్యం. రిన్స్కె ఆ గీత మీద వేలు పెట్టింది. గోటి కింద ఇంకా వాగు నలుపు పోలేదు.

"ఇదెవరు జరిపారు?"

"వీబె గారే అడిగారు. రైతులందరూ ఒప్పుకున్నారని చెప్పారు." మెరెడిత్ ఆమె మొహం చూసి తగ్గింది. "ఒప్పుకోలేదా?"

"ఏ రైతులు? నన్నెవరూ అడగలేదే. నేనేమన్నా కుందేళ్లు పెంచుతున్నానా?"

"చూడండి, గీత గీయడం నా పని. ఎక్కడ గీయాలో చెప్పడం మీ పని. రేపు కమిటీ వాగు దగ్గరే అంటే వాగు దగ్గరే గీస్తాను. ఇప్పటిదాకా కమిటీ మాటను కౌన్సిల్ కాదన్నది లేదు."

యెల్లె గడ్డపార భుజాన వేసుకుని కొట్టంలోంచి వచ్చాడు. పటం దగ్గర ఆగి, టోపీ పైకి తోసి కాసేపు చూశాడు.

"గీత మా కంచె దగ్గరికొస్తే, మళ్లీ ఎప్పుడు జరుపుతారు?"

"కొన్నేళ్లకోసారి మళ్లీ చూస్తారండీ. నగరం పెరిగేదాన్ని బట్టి."

"అంటే తర్వాత జరిపేది మా వైపేనా?"

"జరిపితే... అవును. పక్కనున్నది మీరే కదా."

యెల్లె తలూపి వెళ్లిపోయాడు. పాపం, భయపడుతున్నాడు అనుకుంది రిన్స్కె. అతని వీపు వైపు చూస్తుంటే గుండె కరిగింది. ఆ కరిగిన గుండెతోనే రేపు ఎవరేమనుకున్నా సరే నోరు విప్పాలని గట్టిగా అనుకుంది.

* * *

మీటింగు ఫైర్ స్టేషన్‌లో. ఇంజన్లను బయటికి తోలి, ఆ చోట మడత కుర్చీలు వేశారు. కాఫీ డ్రమ్ము, బాదం ముద్ద పెట్టిన బిస్కట్లు, గోడన మంటలార్పేవాళ్ల నిప్పుటోపీలు. ఊళ్లో రైతులందరూ వచ్చారు. చేతులెత్తే హక్కు కమిటీ వాళ్లకే అయినా, ఎవరు ఏ చెయ్యి ఎత్తారో చూసే హక్కు అందరికీ ఉంది కదా. యెల్లె వెనక వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు.

వీబె బాబాయి ముందుగా ప్రార్థన చేశాడు. తర్వాత జేబులోంచి పొట్లం తీసి కమిటీ బల్ల మీద పెట్టాడు. అది చేతులు మారింది. తర్వాత లేచాడు.

"నగరం వస్తోంది. రావద్దంటే ఆగదు. దానికి ఏదో ఒకటి పెట్టాలి." గొంతు సవరించుకున్నాడు. "నేను ముసలాణ్ణి. నాకింక ఏం కావాలి? నా పొలం తీసుకోండి. నాది తీసుకుని, మా వాళ్ల జోలికి రాకండి. అబ్రహాము కొడుకునే బలిపీఠం మీద పెట్టాడు. నేను మట్టి పెడుతున్నా, అంతే."

ఆడవాళ్లు కొందరు చేతిరుమాళ్లు తీశారు. టర్కీ కోళ్లు పెంచే కమిటీ సభ్యుడు క్లాస్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. బలిపీఠం మీద పెట్టిన ఆ మట్టిని ఎవరు, ఎంతకు కొంటున్నారో ఒక్కడూ అడగలేదు. అడగనక్కర్లేదు, అందరికీ తెలుసు. తెలిసీ కళ్లు తుడుచుకుంటున్నారు. బూతు మాటలు వినొచ్చు, భరించొచ్చు. బైబిలు అట్ట వేసిన బేరం వినడం కష్టం.

"బాబాయ్, ఒక్క మాట," అని లేచింది.

"చెప్పు తల్లీ. నీ ఇల్లే అనుకో."

"నా ఇల్లు కాదులే, ఫైరింజన్ల ఇల్లు." వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "ముప్పై ఏళ్ల ప్లాను గీస్తున్నాం కదా. నాకొక్కటి తెలియాలి. ఈ వసంతంలో కొత్తగా లూసర్న్ ఎవరు విత్తారు? చేతులెత్తండి. కమిటీ వాళ్లే కాదు, హాల్లో ఉన్నవాళ్లంతా."

ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. ఒకడు బూటు లేసు కట్టుకున్నాడు. ఇంకొకడు గోడ మీది నిప్పుటోపీలను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"క్లాస్, నువ్వు?"

"నేనా... సోయా వేశా. గడ్డికి రేటు లేదు కదా ఈ ఏడు."

"నీకేం, కోళ్లవాడివి. బార్ట్, నీకు ఆవులున్నాయిగా?"

"మాకా మూల తడెక్కువ వదినా. వచ్చే ఏడు చూద్దామని..."

"చూద్దాం!" అంది రిన్స్కె. "సోమవారం బాబాయి కూడా నాతో అదే అన్నాడు. తన పొలంలో లూసర్న్ వెయ్యొద్దన్నాడు. గొట్టం తవ్వొద్దన్నాడు. మీ అందరిదీ ఏడాది సేద్యం, ముప్పై ఏళ్ల ప్లాను. బాబాయి పొలం అమ్ముకుంటే తప్పేం లేదు. ఆయన పొలం, ఆయన ఇష్టం. అమ్ముకుంటూ దానికి ప్రార్థన చదివి, మన చేత ఆమెన్ అనిపించుకుంటున్నాడు చూడు, అది తప్పు. ఈరోజు ఆయన కంచె దాటిన గీత రేపు ఇంకో కంచె దగ్గర ఆగుతుందా? ఎంగిలి మెతుకు మరిగిన కుక్క గుమ్మం వదుల్తుందా?"

"ఆవేశపడకమ్మా," అన్నాడు వీబె మెత్తగా. "మరి నువ్వు వేశావా?"

"వేశాం. మా ముందు పొలంలో. ఓట్స్‌తో కలిపి విత్తాం. యెల్లె, లేచి చెప్పు!"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. యెల్లె టోపీని రెండు చేతులా పట్టుకుని సగం లేచాడు. నోరు తెరిచాడు. మోకాలు టప్పుమంది. కూర్చున్నాడు. పాపం, నలుగురిలో మాట్లాడలేడు, సిగ్గు అనుకున్నారు జనం. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

చేతులెత్తించారు. గీత వాగు దగ్గరే ఉండాలన్నవాళ్లు ఒక్క ఓటుతో గెలిచారు. ఆ ఒక్క చెయ్యి క్లాస్‌ది. సిగ్గుపడి ఎత్తాడో, పక్కవాడు కోటీశ్వరుడైతే చూడలేక ఎత్తాడో దేవుడికే తెలియాలి. మెరెడిత్ పటం మీద పాత గీతనే మళ్లీ దిద్దింది.

జనం లేచి కుర్చీలు మడుస్తుంటే వీబె బాబాయి రిన్స్కె దగ్గరికి వచ్చాడు. మొహాన కోపం లేదు. ఉంటే బావుండేది. పొట్లం చాపాడు. అలవాటు పాడుగాను, ఆమె చెయ్యి దానంతటదే బిళ్ల అందుకుంది.

"మంచిగా మాట్లాడావు తల్లీ. మీ ముందు పొలం రోడ్డు మీంచి చూశా, భలే పచ్చగా ఉంది." కొంచెం వంగి, గొంతు తగ్గించాడు. "దిగి, వంగి కూడా చూశాలే. ముసలాళ్లకి పనేముంది? నువ్వు చూశావా?"

ఆయన భార్యకు కోటు తొడగడానికి వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చేదాకా రిన్స్కె యెల్లెను ఏమీ అడగలేదు. అడిగితే జవాబు చెబుతాడేమోనని భయం. గుప్పిట్లో బిళ్ల కరిగి వేళ్లు అంటుకుపోయాయి.

* * *

శుక్రవారం పొద్దున పాలు పితకడం అయ్యాక ఆమె ముందు పొలంలోకి నడిచింది. పడమట మబ్బు కమ్ముకుంటోంది. వాన ఖాయమని రేడియో చెప్పింది. ఓట్స్ మీద మంచు ఇంకా ఆరలేదు.

మోకాళ్ల మీద కూర్చుని, ఓట్స్ వరసను రెండు చేతులతో పాయ తీసినట్టు విడదీసింది. మట్టి. ఇంకో వరస. మట్టి, ఒక గడ్డిపోచ, ఒక చిన్న తెల్ల రాయి. లూసర్న్ మొలకకు మొదట రెండు బుల్లి ఆకులుంటాయి, తర్వాత గుండ్రటి ఒంటి ఆకు వస్తుంది. విత్తింది మొలిస్తే ఈపాటికి ఆకుపచ్చ పొక్కుల్లా నేలంతా ఉండాలి. ఆమె మోకాళ్ల మీదే ముందుకు పాకింది. గట్టు దగ్గర చూసింది, పొలం నడుమ చూసింది, తడి నిలిచే పల్లంలో చూసింది. ఒక చోట రెండాకులు కనబడి ప్రాణం లేచొచ్చింది. పీకి చూస్తే కలుపు మొక్క.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రిన్స్కె మోకాళ్ల మీద నిలబడి పట్టుకుంది. నిన్న ఊరందరినీ చేతులెత్తమని నిలదీసిన నోరు, తన పొలంలోకి ఒక్కసారి తొంగి చూడలేదు. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదని ఊరికే అన్నారా! ఆమెకు వీబె బాబాయి మీద రావాల్సిన రోత ఇంకా మిగిలే ఉంది, కానీ ఇప్పుడు వస్తున్నది వేరే. ఇది తన ఇంటి మీద, తన మీద.

షెడ్డులో విత్తనాల గొర్రు వెనక టార్పాలిన్ ఎత్తింది. లూసర్న్ విత్తనాల బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మూతి కుట్టు దారం కూడా తెగలేదు.

"ఓట్స్ ఒక్కటే పోశాను," అన్నాడు యెల్లె గుమ్మంలోంచి. ఎప్పుడొచ్చాడో.

ఆమె తిరగలేదు. "ఎందుకు?"

"ఈ ఏడాదికి చూద్దామని."

ఆ మాటకు ఆమె నవ్వింది. ఆ నవ్వు తనకే అసహ్యంగా వినబడింది. "బాబాయి, బార్ట్, నువ్వు. ముగ్గురికీ ఒకే పాస్టరు నేర్పాడా?"

"విత్తే రోజుకే బాబాయి అమ్మేస్తాడని చెవిన పడింది. గీత మన కంచెదాకా వస్తే, తర్వాత వంతు మనదే కదా అనుకున్నా. నాలుగేళ్ల పంట దేనికి వెయ్యడం అనిపించింది." అతను తలుపుకు భుజం ఆనించాడు. "నావల్ల కావట్లేదు రిన్స్కె. పొద్దున కూచుంటే లేవలేను. రోజుకి రెండుసార్లు, ఆదివారం లేదు, పండగ లేదు. ఆ కొట్టంలోనే చస్తానేమోనని భయం. నిన్న నువ్వా గీత వాగు దగ్గరికి తోసేసరికి జైలు తలుపు వేసినట్టయింది నాకు."

"మరి ఆ మాట నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వింటావా? నువ్వు కమిటీలో పచ్చ చుక్కలంటిస్తుంటివి."

ఆ దెబ్బ తగిలింది. ఆమె బస్తా మీద కూర్చుంది. షెడ్డు రేకు మీద పిచ్చుకలు గోల చేస్తున్నాయి. అతని మాటలో నిజముంది. అది ఎక్కువ మంట పుట్టించింది. మోకాళ్ల నొప్పి అబద్ధం కాదు, రోజూ చెవుల్తో వింటోంది. వింటూ ఏ రోజూ ఆగి అడగలేదు. అయినా సరే, నొప్పి నొప్పే, మోసం మోసమే. రెంటినీ ఒకే మూటలో కట్టి వాగులో పడేస్తానంటే ఒప్పుకోవడం ఎలా?

"వీబె బాబాయైనా నలుగురిలో నిలబడి అబద్ధమాడాడు," అంది. "నువ్వు మట్టిలో ఆడావు. విత్తనాలు పోసినట్టు గొర్రు తోలావు. మీటింగు నుంచొచ్చి నేను టీ పట్టుకొస్తే గట్టు మీద నిలబడి తాగావు. తాగి కప్పు ఇచ్చావు."

యెల్లె బూటుతో గుమ్మం మీది మట్టి గీకాడు.

"నిన్న అంతమందిలో నిన్ను లేచి చెప్పమన్నాను. అప్పుడైనా అనొచ్చుగా, వెయ్యలేదని."

"నీ మొహం చూసి అనలేకపోయా."

రిన్స్కె లేచింది. జేబులోంచి కత్తి తీసి బస్తా మూతి దారం తెంపింది. గోడకు వేలాడుతున్న చల్లుడు సంచిని దింపి దుమ్ము దులిపింది. మెడకు తగిలించుకుని పక్కనున్న పిడి తిప్పితే కింది పళ్లెం తిరిగి విత్తనాలను చిమ్ముతుంది. గొర్రు వెళ్లలేని మూలల్లో వాడతారు దాన్ని. డబ్బాతో విత్తనాలు అందులో పోసింది. రంగు పూసిన సన్నగింజలు, ఇసుకలా జరజరా జారాయి.

"ఇప్పుడు పైపైన చల్లితే ఏం లాభం? సగం మొలవవు," అన్నాడు యెల్లె.

"సగం మొలుస్తాయి."

"రిన్స్కె..."

"విను. పొలం అమ్ముదామంటావా, ఆవుల్ని తగ్గిద్దామంటావా, రాత్రికి వంటింట్లో కూచుని మాట్లాడుకుందాం. నీ మోకాళ్ల సంగతీ మాట్లాడుకుందాం. నేను వింటా, ఈసారి నిజంగానే వింటా. కానీ నిన్న నేను ఊరందరి ముందు 'వేశాం' అన్నాను. ఆ మాట మీద క్లాస్ చెయ్యెత్తాడు, ఆ చేతి మీద గీత గీశారు. ముందు ఆ మాట నిజం చెయ్యి. మిగతాది తర్వాత."

సంచి పట్టీ ఎత్తి అతని మెడలో వేసింది. అతను తల వంచి వేయించుకున్నాడు. బరువుకు భుజం ఒక పక్కకు ఒరిగింది. ఇద్దరూ ముందు పొలం గట్టు దాకా నడిచారు. రోడ్డు మీద నెమ్మదిగా ఒక పికప్ పోయింది. ఎవరిదో ఆమె చూడలేదు.

ఇలా చేత్తో చల్లేటప్పుడు ఆమె ఎప్పుడూ పొలం అవతలి చివర కర్ర పట్టుకుని నిలబడేది. అతను ఆ కర్రనే చూసుకుంటూ తిన్నగా ఆమె దగ్గరికి వచ్చేవాడు. ఇప్పుడు కూడా అతను అలవాటుగా ఆగి, ఆమె అవతలికి వెళ్తుందేమోనని ఎదురుచూశాడు.

"తిప్పు," అంది రిన్స్కె, కదలకుండా.

అతను పిడి తిప్పాడు. పళ్లెం గరగరమని తిరిగింది. మొదటి వాన చినుకు ఆమె మెడ మీద పడింది. అతను ఓట్స్ మధ్య అడుగులేశాడు. ఆమె కొద్దిగా నడుం వంచి, నేల మీద గింజ పడుతోందో లేదో చూసుకుంటూ, అవతలి గట్టు దాకా అతని వెనకే నడిచింది.